వెంట్రుకవాసి

జెర్బా దీవిలో, చిన్న హారా వీధిలో,
ఖల్ఫూన్ గురువు దగ్గర లేఖకుడి పని నేర్చుకున్నాను.
మొదటి ఏడాదంతా రెల్లు కలాలు చెక్కడమే.
రెండో ఏడాది మాచికాయ సిరా కాచడం,
కాచి కాచి గోళ్ళు నల్లబడటం.
మూడో ఏడు, ఒక చలి పొద్దున,
తోలు మీద "హే" రాయనిచ్చాడు.

చూస్తే ఏముంది అందులో?
పైన ఒక దూలం. కుడిపక్క ఒక స్తంభం.
ఎడమపక్క దూలానికి తగలకుండా
గాలిలో నిలబడ్డ పొట్టి కాలు.
కింద గడపే లేదు.

"పలుకు" అన్నాడు.
పలికాను. పెదవి కలవలేదు, నాలుక దేన్నీ తాకలేదు.
"అంతే. అద్దం మీద ఆవిరి పట్టేంత ఊపిరి.
లోకాన్ని చేయడానికి ఆయనకు
అంతకంటే ఖర్చు కాలేదని పెద్దల మాట.
బిడ్డల్లేని ముసలాయన పేరు నడుమ
ఇదే కాస్త ఊదాడు.
ముసలమ్మ పేరు చివర ఇంకాస్త.
ఆ తర్వాత వాళ్ళకి
ఉయ్యాల కోసం వెతుక్కోవలసి వచ్చింది."

నవ్వాను. చెయ్యి కదిలింది.
కాలు దూలానికి తగిలింది.
"హే" పోయి "ఖేత్" అయింది,
మూడు పక్కలా మూసేసిన కొట్టు.

చాకు మొనతో గీకబోయాను,
వెంట్రుకవాసి సందు చాలు కదా అని.
మణికట్టు పట్టుకున్నాడు.
"చుట్టూ గీకితే మిగిలేది అక్షరం కాదు,
తప్పు దాచిన చోటు.
కాలు మొత్తం తీసెయ్. మళ్ళీ నిలబెట్టు."

ఆ పూటంతా ఒక్క కాలు గీకాను.

మధ్యాహ్నం రొట్టె, హరీసా కారం, ఉప్పులో ఊరిన నిమ్మకాయ.
అడిగాను: కింద అంత బార్లా తెరిచి పెట్టి
పైన మళ్ళీ ఆ సందెందుకని.
"లోకం వసారా లాంటిది. పోయేవాడు కింద నుంచి పోతాడు.
ఆయన ఆపడు.
తిరిగొచ్చేవాడికి పైది."
"పోయిన దారినే రావచ్చుగా?"
"జారిన దారిన ఎక్కినవాణ్ణి చూశావా నువ్వు?"
అని రొట్టె నములుతూ
గోడకేసి చూశాడు.
అక్కడ పటం లేని మేకు ఒకటి ఉండేది.

తమ్ముడు బీషీ. వెండిపనివాడు.
నాన్న సుత్తులూ త్రాసూ అమ్ముకుని
స్ఫాక్స్ పడవ ఎక్కి పదకొండేళ్ళు.
పేరు వినిపిస్తే కలం ఆగేది.
అందుకని ఎవరమూ వినిపించేవాళ్ళం కాదు.

ఆ ఏడు పస్కాకి వారం ముందు, నడిరాత్రి,
మేడగదిలో ఏదో విరిగిన చప్పుడు.

వీధి తలుపు తట్టడానికి మొహం చెల్లక
పక్కింటి మిద్దె మీదుగా వచ్చి
కిటికీలో దూరబోయి
ఇరుక్కుపోయాడు బీషీ.
స్ఫాక్స్‌లో తిండికి లోటు లేనట్టుంది.
తల గదిలో, నడుము గోడలో, కాళ్ళు చుక్కల్లో.

గురువు దీపం పట్టుకుని నిలబడ్డాడు.
ఎంతసేపో తెలీదు.
నూనె తరగడం మాత్రం చూశాను.
చివరికి దీపం నా చేతికిచ్చి
తమ్ముడి చంకల కింద చేతులు పోనిచ్చి
"ఊపిరి వదులు" అన్నాడు.

బీషీ వదిలాడు.
హా అని, పదకొండేళ్ళదంతా.
గురువు లాగాడు.

చొక్కా చిరిగింది. సున్నం పెచ్చు రాలింది.
ఇద్దరు ముసలాళ్ళు నేల మీద, దుమ్ములో,
ఒకరి కాలు మీద ఒకరి కాలు.
"నాన్న త్రాసు ఎంతకి అమ్మావు?"
బీషీ చెప్పాడు.
"మోసపోయావు" అన్నాడు గురువు.
ఆ మాట తర్వాత
ఇద్దరూ ఏడ్చారో నవ్వారో, చీకట్లో
దీపం పట్టుకున్న నాకే తెలియలేదు.

ఆ పెచ్చు మళ్ళీ ఎవరూ పూయలేదు.
ప్రతి చలికాలం ఆ మూల నుంచి వాన కారేది.
క్మీసా అమ్మ తిట్టుకుంటూ గిన్నె పెట్టేది,
నిండితే పారబోసి
మళ్ళీ పెట్టేది.