వేలి కణుపు

మార్కాపురం పలకకి గొంతుంటుంది.
నమ్మకపోతే చెవి దగ్గర పెట్టుకుని
వేలి కణుపుతో ఒక్కటి కొట్టి చూడండి.

మా అమ్మ గాలెమ్మ
రోజుకి ఎనిమిది వందల పలకలు కొట్టేది.
దస్తగిరి ఫ్యాక్టరీలో, రేకుల కింద,
కాళ్లు చాపుకుని, ఒళ్లో గోనెపట్టా పరుచుకుని.
ఖంగున మోగితే కుడివైపు, చట్రానికి పోతుంది.
మొద్దుగా పలికితే ఎడమవైపు.
కంటికి ఆనని నెర్రె ఏదో లోపలుందని లెక్క.
ఆపకపోతే అది పగిలేది ఇక్కడ కాదు,
ఏ ఊరి బళ్లోనో, ఏ పిల్ల ఒళ్లోనో,
సగం దిద్దిన అక్షరంతో సహా.

ఆమెకి అ ఆలు రావు.
ఎన్ని ఊళ్ల అ ఆలో ఆమె ఒడి దాటి పోయాయి
ఒక్కటీ ఆగకుండా.

నాయన గనిలో పొర విడగొట్టేవాడు.
తడిసిన పుస్తకంలో కాయితాలు విడదీసినట్టు,
ఉలి మొనతో, చిరక్కుండా.
ఒక రాత్రి ఆయన దగ్గాడు.
కొత్తదేం కాదు, గని మనుషులందరి దగ్గే.
అమ్మ చెంబు పట్టుకుని నిలబడిపోయింది.
తర్వాత దగ్గరికెళ్లి ఆయన వీపు మీద
వేలి కణుపుతో
ఇక్కడొకటి, కాస్త కిందొకటి.
"ఏందే?" అన్నాడు.
"ఏం లేదు, దుమ్ము."
మర్నాటి నుంచి ఆయన పళ్లెంలో
మొదటి ముద్ద ఆమే కలిపి పెట్టేది.
ఒంగోలు డాక్టరు ఫోటో తీసి
అదే మాట చెప్పడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఆయన పోయిన రోజు మేనత్త కాశమ్మ రాగం తీసింది.
అన్న కోడెగిత్తలు, అన్న కట్టిన ఎర్రంచు పంచె,
చిన్నప్పుడు తనకి దాచిపెట్టిన రేగుపళ్లు,
అన్నీ వరసలో వచ్చాయి.
వీధి వీధంతా ముక్కు చీదింది.
అమ్మ గోడకానుకుని తల వంచి వింటోంది,
పలకలు వినే తీరునే.
దినం అయ్యాక నాతో అంది:
"మొదట ఏడ్చింది మీ అత్త.
తర్వాత ఏడ్చింది ఆమె గొంతు."
కాసేపాగి, "తప్పేం లేదులే,
గొంతు కూడా ఏడవాల గదా."

నేను చదువుకున్నాను. కవినయ్యాను.
నాయన మీద రాసింది అచ్చయితే
బస్సెక్కి తీసుకెళ్లి గడపలో కూర్చుని చదివాను.
అందులో నల్లరాతి సూర్యుడున్నాడు,
ఊపిరితిత్తుల్లో మొలిచిన కొండ ఉంది,
చరిత్ర ఉంది, నెత్తురు రెండుచోట్ల ఉంది.
అమ్మ కళ్లు మూసుకుని మొత్తం విన్నది.
కాయితం అందుకుని
అలవాటు కొద్దీ కణుపుతో ఒకటి కొట్టి,
మోగక, తనే నవ్వుకుంది.
"చట్రం బాగుంది అబ్బయా" అంది.
"పలక యాడ?"

నాకు కోపమొచ్చింది. అన్నం తినకుండా వచ్చేశాను.
ఒంగోలు బస్సు కిటికీలోంచి
రోడ్డు పక్క తుక్కు పలకల గుట్టలు కనపడ్డాయి.
తరాల ఎడమవైపు అది.
వాన పడ్డట్టుంది, నిగనిగలాడుతోంది.

ఇప్పుడు ప్లాస్టిక్ పలకలొచ్చాయి. అవి పగలవు, మోగవు.
ఫ్యాక్టరీలో పట్నం మేడల గోడలకి బిళ్లలు కోస్తున్నారు.
అమ్మకి ఒక చెవి పోయింది.
ఫోనులో "బానే ఉన్నానమ్మా" అంటే మాత్రం
రెండో చెవితో ఒక్క క్షణం ఆగి,
"ఏందిరా, యాడ నెర్రె?" అంటుంది.

రాత్రి మళ్లీ నాయన మీద కూర్చున్నాను.
తెల్లారేదాకా టేబుల్ మీద వేలి కణుపు.
ఎడమవైపు గుట్ట పెరిగింది.
కుడివైపుకి ఒకటే పోయింది:

ఆయన దగ్గాడు.
అమ్మ చెంబు పట్టుకుని నిలబడిపోయింది.