మబ్బుల

సిరొంచల మబ్బుల అంటే
ఇంకా తెల్లారలేదని.
మబ్బుల లేస్తం, మబ్బుల నీళ్ళు పట్టుకుంటం,
ఎరువుల దుకాణం మీది గదికి
మబ్బులనే తాళం తీస్త నేను.
ఆ యాళ్లకే నెట్టు జర నిమ్మళంగ ఉంటది.

సుమిత్ర మేడం పెట్టిన కంపెనీ.
నాగపూర్ల చదివొచ్చింది.
రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్,
పొద్దంత కింది నుంచి యూరియా వాసన.
"మనం నెత్తురు చదువుతం పుష్పక్కా" అన్నది మొదటి దినం.
"ఈడ కాదు, మబ్బుల."
తెల్లారకముందా, అని అడిగిన నేను.
నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది.

దవాఖాన నుంచి ఐసుపెట్టెల గొట్టాలు హైదరాబాద్ పోతయి.
అక్షరాలై తిరిగొస్తయి.
ఉన్నయే నాలుగు అక్షరాలు,
మనిషికి మూడువందల కోట్లు.
ఒక్క మనిషిని మబ్బుకెక్కియ్యాలంటే మూడు రాత్రులు.
సగం ఎక్కినంక కరెంటు పోతే
మనిషి మళ్ళ కాలివేలు కాణ్ణుంచి షురూ.

ఏ ఉండాల్సిన కాడ టీ పడితే
కణం వంగి కొడవలైతది.
ఒక్క అక్షరం!
ఇది నాకు జల్దినే సమజైంది.
ఏటికి ఆ ఒడ్డున మా చిన్నాయన ఆకుల మొండయ్య,
ఈ ఒడ్డున మేం ఆకుల్‌వార్.
రాసినోడెవడో తోక తగిలిచ్చిండు.
పట్టా, బడి రిజిస్టరు, చావు కాయితం
అన్నీ ఆ తోక పట్టుకునే నడుస్తయి.
అయితే మా తోక
అర్ధరాత్రి కీళ్ళల్ల దిగి కొయ్యది.

పేరు తియ్యాలె, ఊరు తియ్యాలె,
నంబరే ఉండాలె. అది కాయిదా.
మైని ఆత్రం కొడుకు, ఎస్ నూటపదిహేడు.

ఆమె మొన్న జింగానూర్ బస్సు దిగి
చింతపండు బుట్ట అంగట్ల అమ్ముకొని
ఖాళీ బుట్టతోని మా మెట్లెక్కింది.
మాడియా కలిసిన తెలుగుల అడిగింది:
"మా పోరని నెత్తురు ఏడ పెట్టిన్రు?"
మేడం తెర చూపిచ్చింది.
మబ్బు, అన్నది. శాన దూరం. శాన భద్రం.
మైని పైకి చూడలే.
ఇన్వర్టర్ దిక్కు చూసింది, పాత కుర్చీల దిక్కు చూసింది.
"కిరాయి ఎవలు కడుతున్నరు?"

మేడం జవాబియ్యలే.
మబ్బు కిరాయి డాలర్లల్ల వస్తది.
పోయిన నెల స్కూటీ అమ్మింది.
ఈ నెల ఉత్తరం వచ్చింది, ముప్పై తారీకు దాటితే
అంత తుడిచేస్తమని.
"కొన్నిటిని మనమే తుడుద్దం అక్కా,
పని అయిపోయినయి చూసి."
జాబితా నా చేతుల పెట్టి
ఇంకోదిక్కు తిరిగి కూసున్నది.

ఎస్ నూటపదిహేడు ఆ జాబితాలనే ఉంది.
పని అయిపోయినయి వరుసల.
ఆషాఢంల పోయిండు పోరడు, తొమ్మిదేండ్లు.
వాని రిపోర్టు అప్పటికే మబ్బుల ఉండె.
వరదకు టవర్ పడి
నాలుగు దినాలు కిందికి దించుకోలేకపోయినం.

నిజంగ తుడవాల్నా, అని కంప్యూటర్ ఒక్కసారి అడుగుతది,
మర్యాదకు.
వద్దని నొక్కిన.
కని జాగ ఖాళీ చెయ్యాలె గదా.
ఎస్ ఒకటి తెరిచిన.
మిషన్ నడుస్తదా లేదా చూసెతందుకు
మొదటి దినం నేనిచ్చిన నెత్తురది.
నా బరువు, ఆ పోరని బరువు
ఇంచుమించు ఒక్కతీరే ఉండె, నూటపద్దెనిమిది జీబీ.
నన్ను తుడిచిన.
మూడు రాత్రులు పట్టింది ఎక్కెతందుకు,
దిగెతందుకు చాయ్ చల్లారేంత సేపు గూడ పట్టలే.

కింద దుకాణం షట్టర్ లేస్తున్న సప్పుడు.
అంగడి దినం మైని మళ్ళొస్తది.
ఈ నెలది కట్టినమని చెప్పాలె.
వచ్చే నెల సంగతి అడుగుతది ఆమె.
అడిగే మనిషే.