పాత నెంబరు

ఆరు దినాలు నిలబడినాయి నీళ్ళు కయ్యలో.
గెనిమ యాడుండాదో కాలికి తెలిసింది గానీ
కంటికి కనపళ్ళేదు.
ఏడోనాడు స్వర్ణముఖి వెనక్కి పోతే
వెన్నుల మీదనే మొలకలొచ్చుండాయి,
ఒక్కో గింజకీ తెల్లగా, పిల్లకాయ పాలపన్నంత.

"కొయ్యద్దక్కా, దున్నద్దు" అనింది హరిప్రియ,
రైతు సేవా కేంద్రం పాప.
"ఫోటో తీసేదాకా కుళ్ళింది కుళ్ళినట్టే ఉండాల."
పదకొండు దినాలు ఆ కంపుకి కాపలా ఉన్నా.
పందుల్ని కూడా తోలినా,
అవి తినేస్తే నష్టం తక్కువ కనపడతాదని.

వచ్చినాక, ట్యాబు పైకెత్తుకుని
సిగ్నలు కోసం గెనిమంతా తిరిగింది
చెప్పులు చేత్తో పట్టుకుని.
ముప్పైమూడు శాతం దాటాలంట.
ముప్పైరెండైతే అది నష్టం కాదంట, ఉత్త వానేనంట.
"నీది దాటిందిలే అక్కా" అనింది
పరీక్ష పాసయినట్టు.
నాకూ ఒక గడియ అట్టనే అనిపించింది.
సిగ్గేసింది తర్వాత.

మెసేజి వస్తాదన్నారు, బ్యాంకులో రాయించిన నెంబరుకి.
ఆ నెంబరు ఇప్పుడు నాది కాదు.
రీచార్జి చెయ్యక ఎండబెడితే
కంపినీవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేసినారు,
కౌలు కట్టని మడి మాదిరి.
మార్పించాలంటే శ్రీకాళహస్తికి పోవాల, వేలు పెట్టాల.
నా వేలిముద్రలు నాట్లలోనే అరిగిపోయె,
మిషను రెండు తూర్లు వద్దనేసింది.

మునిలక్ష్మి ఫోన్లోంచి నా నెంబరుకి నేనే చేసినా,
నా ఇంటి తలుపు నేనే తట్టినట్టు.
లోపల మగ్గం చప్పుడు,
టకటక టకటక, దాని నడాన ఒక గొంతు:
"ఎవురు?"
ఏకాంబరమంట. నగరిలో పవర్లూము కూలి.
అంతా చెప్పినా. నవ్వలేదు.
"ఎరువులంగడోళ్ళు మీకోసం చేస్తా ఉంటారక్కా, బాకీ కట్టమని.
నేను కాదని చెప్పలేదు,
కడతాలే అంటా ఉండా."

అప్పట్నించి బేస్తవారం బేస్తవారం చేస్తా ఉన్నా.
"ఇంకా లేదక్కా."
"లోను ఇస్తామని ఒకటొచ్చింది, అది కాదు కదా?"
కార్తీకం పోయింది. ధనుర్మాసం చలి.
అప్పు తెచ్చిన విత్తనం మళ్ళా చల్లితే
నారు జానెడయింది.

నిన్న వాడే చేసినాడు, మగ్గం ఆపి.
ఆ చప్పుడు లేకపోవడంలోనే తెలిసిపోయింది.
"పడిందక్కా! పదకొండు వేల తొమ్మిదొందలు!"
మునిలక్ష్మికి కూడా వినపడింది.
అంతలోనే గొంతు తగ్గించినాడు.
"దాని కిందనే ఇంకోటి వచ్చుండాదక్కా."
"చదువు నాయనా."
"ఏడు వేల రెండొందలు పట్టుకున్నారు. పాత లోనంట."
తనే పట్టుకున్నట్టు చదివినాడు.

నాలుగు వేల ఏడొందలు.
దుక్కికి సరి. ఎరువుకి చాలదు.
ఏదో ఒకటి అనాల కదా, అడిగినా:
"వాన మీ పక్కా కొట్టింది కదా, మీకేమన్నా ఇచ్చినారా?"
"షెడ్డులో మోకాలెత్తు నీళ్ళక్కా, నూలంతా నానిపోయింది.
నెలన్నర పని లేదు.
ఓనరుకి రాసుకోని పోయినారు.
పని లేనోడికి ఫోటో యాడ తీస్తారు?"

మళ్ళా మగ్గం మొదలయింది.
నేను పెట్టలేదు. వాడూ పెట్టలేదు.
మునిలక్ష్మి చెయ్యి చాపుకుని నిలబడుండాది ఫోను కోసం.

రేపు బేస్తవారం.
ఇంక ఆ నెంబరుకి చేసే పనేం లేదు.
చెయ్యాల, అయినా.
ఎరువులంగడోడు అడిగితే
సగం కడతానని చెప్పమనాల.