మూసుకుందా, మూసుకుపోయిందా

దొండపర్తి షెడ్డులో, పొద్దున్నే,
రబ్బరు గొట్టం పళ్ళ మధ్య పెట్టుకుని ఊదాను.
పోలేదు.
నా ఊపిరి నా బుగ్గల్లోకే తిరిగొచ్చింది
పెట్రోలు వాసన పులుముకుని.

"పోలేదా? అయితే బాగున్నట్టే" అన్నాడు అప్పలసూరి మేస్త్రి.
సముద్రం పక్కన అది మూసుకునే ఉండాలి,
ఎత్తుకెళ్తే తెరుచుకోవాలి.
అంతే దాని ఉద్యోగం.

గుప్పెడంత డబ్బా.
లోపల హార్మోనియం తిత్తిలా మడతల రేకు బుడగ.
బయట గాలి బరువు తగ్గితే అది ఉబ్బి
ఓ చిన్న తలుపుని తోస్తుంది.
కార్బురేటరుది మొండి చెయ్యి మరి,
మజ్జిగ తగ్గినా ఉప్పు అంతే వేస్తుంది.

బానెట్ దించుతుంటే అడిగాను:
"మేస్త్రీ, ఇది మూసుకుందా, మూసుకుపోయిందా?"
స్పానర్ తుడుస్తున్న గుడ్డ ఆగింది.
"ఒలే రత్నాలూ, ఆ సంగతి సముద్రానికి తెల్దు.
కొండనే అడగాల."

కారు జపానుది, నాకంటే పదేళ్ళు పెద్దది.
ఓనరు విల్ఫ్రెడ్ గారు
ముప్పై ఏళ్ళు ఓడల్ని హార్బర్లోకి నడిపించిన పైలెట్.
వెనక సీట్లో కూర్చుని
ఇత్తడి బారోమీటరుని ఒళ్ళో పెట్టుకున్నారు,
చంటిపిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నట్టు.

పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట,
ముల్లుకి పెద్దగా పట్టలేదు.
బొడ్డవర దాటాక దిగటం మొదలెట్టింది.
వాన గీత దాటింది,
తుఫాను గీత దాటింది,
గీతలే లేని చోటికి వచ్చి ఆగింది.
"హుద్‌హుద్ నాడు కూడా ఇంత దిగలేదమ్మా" అన్నారాయన.
కిటికీ అవతల ఎండ, సిల్వర్ ఓక్‌లు, మిరియాల తీగలు.
పాపం, దానికి కొండంటే ఏంటో తెలీదు.
దిగిందంటే గాలివానే అనుకుంటుంది.

టైడా మలుపుల్లో ఇంజను దగ్గింది.
అనంతగిరి దాటేసరికి సెకండ్ గేరులో దేకుతోంది,
వెనకాల నల్లటి పొగ.
గాలికొండ దగ్గర పక్కకి తీశాం.
ప్లగ్గు విప్పితే కాటుక,
నిన్న షెడ్డులో బిస్కెట్ రంగులో ఉన్న ప్లగ్గే.

గొట్టం మళ్ళీ పళ్ళ మధ్య.
ఊదాను.
గాలికొండ మీద
గాలి పోలేదు.

రోడ్డు వారన బొంగు చికెన్ కాలుస్తున్న కుర్రాడు
తన ఊదుడుగొట్టం నోట్లోంచి తీసి
"అక్కా, నీ పొయ్యేదీ?" అన్నాడు.

మేస్త్రి డబ్బా విప్పి
క్లచ్ వైరులోంచి ఒక్క పోగు లాగి
కన్నంలోకి పంపాడు. గుచ్చాడు, తిప్పాడు.
నా అరచేతిలోకి ఎర్రమట్టి రాలింది.
కుమ్మరి పురుగు కట్టుకున్న ఇల్లు.
లోపల రెండు ఎండిన సాలీళ్ళు, కాళ్ళు ముడుచుకుని,
పుట్టబోయే పిల్లకి దాచిన కూడు.

"ఎన్నాళ్ళు నిలబెట్టేసేరు సార్ బండిని?"
విల్ఫ్రెడ్ గారు లోయలోకి చూశారు.
"రిటైరయ్యాక... ఎక్కడికెళ్ళాలో తేలక.
మూడేళ్ళు."

మళ్ళీ ఊదాను.
పోయింది.
ఎంత సులువుగా పోయిందంటే
గోడని నెట్టబోయి గుమ్మంలో పడ్డట్టు
ముందుకి తూలాను.

రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ దొండపర్తి.
ముల్లు వెయ్యి పదికి వచ్చి నిలబడింది
ఏమీ జరగనట్టే.
నాకు నిద్రొస్తోంది.
"ఇంకోసారి ఊదు" అన్నాడు మేస్త్రి.

పోలేదు.
పొద్దున్నా పోలేదు. కానీ ఇది వేరు.
పొద్దున అక్కడ ఎవరూ లేరు.
ఇప్పుడు తలుపు అవతల ఎవరో నిలబడి
వేళకి తీస్తానులే అని
గడియ మీద చెయ్యి వేసి ఉన్నారు.

బిల్లు పుస్తకం తీశాను.
మట్టి తీసినందుకు రెండొందలు.
"ఊదినందుకు?"
మేస్త్రి షట్టరు సగం దించి, వంగి, బయటికి నడుస్తూ
"గాలికేటి రాస్తావు, వగ్గీ."

జేబులో సాలీళ్ళ మట్టి
అప్పటికే పొడైంది.