లాభం, రెండు, మూడు

అమావాస్యనాడు అమ్మ చీపురు కూడా కొనేది కాదు.
నేను క్యాలెండర్లో వెతికి వెతికి
అమావాస్యకే ఎర్ర సున్నా చుడతాను.
శుక్రవారం సాయంత్రం కళ్ళద్దాల ల్యాబ్ కోటు
వెనక సీట్లో పడేసి బయల్దేరతాను.
మెల్‌బోర్న్ దీపాలు కారద్దంలో చిన్నవైపోతాయి.

పక్కన సులోచన నారింజలు ఒలుస్తుంది.
చుక్కలంటే దానికేం పెద్ద మోజు లేదు.
"ఫోను అందని చోటైతే ఎక్కడికైనా వస్తానే" అంటుంది.
వారమంతా వార్డులో గంటల మోత మరి.

బెండిగో దాటాక ఊళ్ళు పలచబడతాయి.
వైచిప్రూఫ్ నడివీధిలో రైలుపట్టా,
పట్టా మీద పిల్లి.
ఆపైన సీ లేక్.
పేరులో సముద్రముంది, చెరువుంది,
ఊళ్ళో ఉన్నవి గోధుమ గాదెలూ ఒక పబ్బూ.
గది తాళం ఇస్తూ నోయలీన్ అంది:
"గాలి పడిపోయింది. వెళ్ళండి, తిండి తర్వాత."

టిరెల్ ఉప్పు చెరువులో
నీళ్ళు చీలమండకి కూడా రావు.
కాలు పెడితే ఉప్పు అప్పడంలా విరుగుతుంది.
ట్రైపాడ్ దింపాక
ఆ అల సర్దుకునేదాకా కదలకూడదు.
ఊపిరి కూడా పక్కకి తిప్పి వదలాలి,
లేకపోతే లెన్సు మీద మంచు.
జులై చలికి బ్యాటరీ ఒకటి అప్పుడే చచ్చింది,
ఇంకోదాన్ని చంకలో పొదుగుతున్నాను.

మంచంకోళ్ళు దిగంతం కింద పడ్డాయి.
మండపేటలో దక్షిణపు గట్టు మీదికి వాలి ఉండే తేలు
ఇక్కడ నడినెత్తికెక్కి కూచుంది.
దాని కొండి నా బూట్ల దగ్గర నీళ్ళలో కూడా ఉంది.
సులోచన కిందికి చూసి, పైకి చూసి,
ఏమీ అనలేదు.
సంచిలోంచి ఇంకో నారింజ తీసింది.

ఇరవై సెకన్లు.
కెమెరా తనే లెక్కపెట్టుకుంటుంది, తెలుసు.
అయినా షట్టర్ తెరుచుకోగానే నోట్లో వస్తుంది:
లాభం. రెండు. మూడు.

నాన్న మిల్లులో కొలగాడు.
కుంచంతో ధాన్యం పోస్తూ ఒకటి అనేవాడు కాదు,
లాభంతో మొదలు.
ఏడు అనేవాడు కాదు,
ఏడుపు ఎందుకని ఆరున్నొకటి.
చెవుల మీద వెంట్రుకల్లో ఎప్పుడూ ఊక.
వెలుతురు కూడా అలాగే పడుతోంది కాబోలు,
నల్లటి పెట్టెలోకి,
గలగల లేకుండా.

ఆరు ఫొటోలయ్యాయి.
ఆరున్నొకటోది తీస్తుండగా
గట్టు మీంచి రెండు హెడ్‌లైట్లు.
తెల్లారిపోయింది చెరువంతా.
నేను తెలుగులో తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

"ఇరుక్కున్నారేమోననీ..."
క్లెమ్ అట, పక్క పొలం ఆయన.
లైట్లు ఆర్పి టోపీ చేత్తో పట్టుకుని
క్షమాపణ చెప్పి, వెళ్ళకుండా నిలబడ్డాడు.
"ఏంటి ఆవిడ గొణుగుతోంది?"
"కొలుస్తోంది" అంది సులోచన.
అది ఆయనకి వింతగా అనిపించలేదు.
"గాదె దగ్గర నా లారీని రెండుసార్లు తూస్తారు,
నిండుగా ఒకసారి, ఖాళీ చేశాక ఒకసారి.
ఆ తేడాయే నా సంవత్సరం.
పోయినేడు వాన లేదు. తేడా పెద్దగా లేదు."

ముగ్గురం చాలాసేపు చీకట్లో.
నారింజ తొనలు చేతులు మారాయి.

తెల్లవారుజామున ఈశాన్యంలో
పిల్లలకోడి బయటికొచ్చేసరికి
సులోచన కార్లో నోరు తెరిచి నిద్ర.
దాన్ని ఒక ఫొటో తీశాను, చెప్పలేదు.

ఆదివారం రాత్రి ఇంట్లో కూర్చుని ఏరాను.
అరవైకి రెండు మిగిలాయి.
తక్కినవి మసక, మంచు, నా తొందర.
ఆరున్నొకటోదాంట్లో చుక్కలు లేవు,
పాలిష్ పట్టిన బియ్యంలా ఉప్పు ఒక్కటే
అంచుదాకా.
కెమెరా మొహమాటం లేకుండా దానికి ఏడు అని పేరు పెట్టింది.
మార్చాను.

అన్నీ కంప్యూటర్లోకి పోశాక
కార్డు తీసి అరచేతిలో వేసుకుని చూశాను.
నిండుగా ఉన్నప్పుడూ ఇంతే ఉంది,
గోరంత.
క్లెమ్‌కి చెబితే నవ్వుతాడు.
నాన్నైతే
ఇంకోసారి పొయ్యమనేవాడు.