పదకొండు వేల సార్లు

సింధియా రోడ్డు వైపు, ఓడల నమూనాలు గీసే ఆఫీసులో
రాత్రి షిఫ్టు నాది.
ఫైళ్ళు పంచే సర్వర్ ఒకటే మాట జపిస్తుంది:
లేని ఫైలు అడిగారు. లేని ఫైలు అడిగారు.
మాటకో కీచు.

అడిగేది మూడో అంతస్తులో పాత కంప్యూటర్.
మార్చిలో చెరిపేసిన డ్రాయింగ్ కోసం
ఇంకా తలుపు తడుతోంది,
ఇల్లు ఖాళీ చేసినవాళ్ళ పేరున వచ్చే కరెంటు బిల్లులా.
ఎవరి తప్పూ కాదు. నష్టమూ లేదు.
రాత్రికి పదకొండు వేల సార్లు.

పోయిన మంగళవారం ఆ వరసలోనే
'నాలుగో డిస్కు చదవలేకపోతున్నాను' అంది.
అవే అక్షరాలు, అదే కీచు.
నేను చూశాను. చూసే ఉంటాను.
టీ కలుపుకుంటున్నానేమో.
తెల్లారేసరికి టగ్గు అడుగుభాగం గీసిన పన్నెండు షీట్లు లేవు.
పైల వసంతరావు గారు నన్నేమీ అనలేదు,
కళ్ళజోడు తీసి తుడుస్తూ కూర్చున్నారు, చాలాసేపు.

'మొత్తం నోరు మూయించెయ్యమ్మా' అన్నారు మేనేజరు.
సరేనన్నాను. చెయ్యలేదు.

గేటు దగ్గర సూరాడ లచ్చన్న,
జాలారిపేటలో తెప్ప అమ్మేసి కాపలాకొచ్చినవాడు,
ఫోను చూపించాడు.
తుపాను మెసేజీలు, చదవనివి నూట నలభై.
'రోజూ ఏటకెల్లొద్దంటాది మేడం.
రోజూ మానేస్తే తినేదేటి?'
మరి నిజంగా వచ్చిన రోజు?
'ఆ రోజూ ఇలాగే మోగింది.'
తర్వాత బీడీ వెలిగించుకున్నాడు.

లోపల నాలుగు లైన్లు మార్చాను.
మొదటిసారి చెప్పు.
అదే మనిషి అదే అడిగితే వేలు మడిచి లెక్కపెట్టుకో, అరవకు.
గంటకోసారి లెక్క ఒప్పజెప్పు.
కొత్త మాటైతే మాత్రం, ఎవరు పడుకున్నా లేపు.
ఐదో లైను రాసి కొట్టేశాను,
అది భయం రాసింది.

రెండుంపావుకి మళ్ళీ నడిపించాను.
ఒక్క కీచు. తర్వాత ఏమీ లేదు.
చచ్చిపోయిందేమోనని పలకరించాను,
ఉన్నానంది.
నిశ్శబ్దం కొత్త చెప్పులా కరుస్తోంది.
కూర్చోలేక లేచాను, కిటికీలోంచి
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరిగి వెళ్ళింది.

అప్పుడు వినబడింది.
టప్.
మళ్ళీ, టప్.
ర్యాక్ వెనక, ఏసీ గొట్టం నుంచి,
నాలుగో డిస్కు అరకి సరిగ్గా పైన.
గోడ మీద చెమ్మ, అరచేయంత.
ఇవాళ్టిది కాదు.

టీ గ్లాసు కడగకుండానే తెచ్చి
కింద పెట్టాను.