కొత్తవాడల కావలి

ఉన్నికి పురుగు తగలకుండ
వేపాకు ఎండబెట్టి సందుగల పరుస్తం.
నూలు బేళ్ల కింద చెదలొస్తే గ్యాసునూనె.
ఎలుకకు బోను.
కంప్యూటరుకు ఏం పెట్టాలెనో
మా తాత చెప్పిపోలే, నాయిన చెప్పిపోలే.

జంపఖానా డిజైన్లన్నీ ఇప్పుడు దాంట్లనే.
మునుపు గ్రాఫు కాగితం మీద
నేను పెన్సిలుతో నింపిన గళ్లే,
ఇప్పుడు మా భార్గవి మౌసుతో నింపుతది.
మొన్న శ్రావణంల ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది,
షోరూము సేటు పంపిన నమూనా అన్నరు.
పొద్దుమీకేసరికి
డిజైన్ల పేర్లన్నీ మారిపోయినయ్.
తెరిస్తే తెల్లటి గళ్లు,
పడుగు తెగిన మగ్గం లెక్క.
పిల్ల ఏడ్వలే. గోరు కొరుక్కుంట కూసున్నది.

ఇగ సలహాలకు కొదువా?
తమ్ముడు సదానందం అన్నడు గదా,
"పైసలెందుకన్నా, ఊకె వచ్చేది ఉన్నది."
వేసినం.
గంటకోసారి తెర మూలకు లేచి
కొనుమని అడుగుతది, కొనుమని బెదిరిస్తది.
కావలివాడే దర్వాజ కాడ చెయ్యి చాపితే
ఇంట్ల నిద్రెట్ల పడుతది?

బ్యాంకు పురుషోత్తం సారు
డబ్బాల వచ్చేదే కొనుమన్నడు, మూడేండ్లది.
దుకాణంల చేతిల పట్టుకొని చూసిన.
అంత డబ్బాల ఒక కాగితం ముక్క,
దాని మీద ఇరవై అక్షరాలు.
తూకమే లేదు.
తూకం లేనిదానికి పన్నెండొందలిచ్చుడు
ఈ చేతులకు రాని పని.

చౌరస్తా కాడ మొయిజ్ దుకాణంల పిల్లగాడు
గొంతు తగ్గించి చెప్పిండు:
"అదే సరుకు అంకుల్, తాళం ఇరగ్గొట్టింది. నూట యాభై."
తాళం ఇరగ్గొట్టినోని తాళమే
మన ఇంటికి వేసుకోవాల్నా
అని అనుకుంటనే
బేరమాడి నూరుకు దించిన.
భార్గవి వేయనియ్యలే.

నెల రోజులు పనితనం చూడుమని
ఇంకొకటి ఉంటే, అది ఎక్కించినం.
పచ్చగీత ఒక్కో పోగు జొనిపినట్టు
ఈ అంచు నుంచి ఆ అంచుకు నిండింది.
దొంగ దొరికిండన్నది.
పేరు చదివి ఆగిపోయింది పిల్ల.

అది మా డిజైన్లు గీసే ప్రోగ్రామే.

కొన్నది కాదు గద.
రెండేండ్ల కింద, ఇదే మొయిజ్ దుకాణంల,
రెండు చాయ్‌ల పైసలకు వేయించుకున్నది.
దానితోనే ఏడు జంపఖానాలు
ఎగ్జిబిషనుకు పోయినయ్,
దానితోనే కాలేజి ఫీజు కట్టినం.
తీసెయ్యాల్నా, ఉంచాల్నా,
తెర మీద రెండు బొత్తాలు.
నేను గోడ దిక్కు చూసిన.

ఇన్ని దినాలు దుకాణాలెంబడి తిరిగి
నేను దేవులాడేది ఏ కావలినో అప్పుడు తెలిసింది.
బయటి దొంగను గల్లా పట్టాలె,
ఇంటి దొంగ ఎదురైతే
మొకం పక్కకు తిప్పుకోవాలె.
అసొంటోడు ఎంతకొస్తడు?

బొత్తాం భార్గవే నొక్కింది.
నన్ను అడుగలే.
తర్వాత ఎక్కడో దొరికిన
ఊకె ఇచ్చే గీతల ప్రోగ్రాముతో
వారం దినాలు కుస్తీ పట్టింది,
నెమలి గీస్తే కోడి వచ్చింది.
ఆ కోడిని గూడ నేసిన. ఎవరో కొన్నరు.

ఆఖరుకు చిన్నదే కొన్నం, ఏడాదిది.
మా కంప్యూటరు పాతది, బరువు మొయ్యలేదు.
ఏడువందల యాభై,
రంగుల పైసల్లకెల్లి తీసిచ్చిన.
అయినా ప్రతి డిజైను ఒకటి
గ్రాఫు కాగితం మీద దించి
సందుగల పెడుతున్న, పిల్లకు చెప్పకుండ.

వచ్చినోడు వచ్చిన దినమే
ఫలానా తారీఖుకు నేను పోత అన్నడు.
అట్ల చెప్పిన కావలివాణ్ణి
కొత్తవాడల ఇంతవరకు ఎవ్వరు చూడలే.
క్యాలెండరుల ఆ తారీఖు చుట్టు గీత గీసిన.
దాని కింద భార్గవి రాసింది,
కరెంటు బిల్లు గూడ.